ఆస్టరిస్క్ నేర్చుకుంటే అనంతపురం కుర్రాడికి ఉద్యోగం దొరుకుతుందా?

దొరుకుతుంది. కానీ ఆస్టరిస్క్ (కంప్యూటర్‌ను ఆఫీసు టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌గా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) పేరు పెట్టి వెతికితే పెద్దగా ఏమీ కనపడదు. వీఓఐపీ (ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్) ఇంజనీర్, కాంటాక్ట్ సెంటర్ వాయిస్ సపోర్ట్ అని వెతకమనండి. మీ తమ్ముడు ఈసీఈ చేసి ఊళ్లోనే ఉద్యోగం కావాలంటున్నాడని రాశారు. ఆ ఆశ వదులుకోవాలి. ఈ పోస్టులు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాదు లాంటి పెద్ద నగరాల్లోనే.

ఆస్టరిస్క్‌ను బ్రౌజర్‌లో నడిపే ఫ్రీపీబీఎక్స్ తెరలో ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్ నంబర్లు) చేర్చడం ఎవరికైనా వస్తుంది. కాల్ ఎందుకు తెగిందో చెప్పగలిగినవాడికే జీతం.

కర్నూలు ఎన్.ఆర్.పేటలో ఒక ఆసుపత్రిలోని ఆస్టరిస్క్‌కు సిప్ ట్రంక్ (టెలికాం కంపెనీ ఇంటర్నెట్ మీద ఇచ్చే ఫోన్ లైను; సిప్ అంటే కాల్ కలిపే, తెంచే సందేశాల పద్ధతి) పెట్టారనుకోండి. రోగి బంధువు ఫోన్ చేస్తాడు, రిసెప్షన్‌లో ఎత్తుతారు. అతని మాట వీళ్లకు వినపడదు, సరిగ్గా 32 సెకన్లకు లైను తెగుతుంది. అందరూ నెట్ స్లో అంటారు. నెట్ కాదు. సిప్ సందేశాలను చూపించే ఎస్ఎన్‌గ్రెప్ తెరిచి, ఫోన్ ఎత్తారని ఆస్టరిస్క్ పంపే 200 ఓకే సందేశం చూస్తే అందులో 192.168తో మొదలయ్యే లోపలి అడ్రస్ ఉంటుంది. అవతలి ట్రంక్ కంపెనీ ఏసీకేనూ (200 ఓకే అందిందనే జవాబు), మాటనూ ఆ అడ్రస్‌కే పంపుతుంది, అవి రావు. ఏసీకే కోసం 32 సెకన్లు చూసి ఆస్టరిస్కే కాల్ కట్ చేస్తుంది.

దీనికి మందు: ఆస్టరిస్క్‌లో సిప్ పని చూసే పీజేసిప్ భాగపు సెట్టింగుల్లో, ట్రాన్స్‌పోర్ట్ కింద ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్, ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్ రెంటికీ పబ్లిక్ ఐపీ, లోకల్ నెట్‌కు 192.168.1.0/24 లాంటి లోపలి నెట్‌వర్క్ ఇవ్వాలి. ఎండ్‌పాయింట్‌లో డైరెక్ట్ మీడియా 'నో', అంటే మాట ఆస్టరిస్క్ మీదుగానే పోవాలి. రౌటర్‌లో సిప్ సందేశాలను మార్చే సిప్ ఏఎల్‌జీని ఆపి, మాట వచ్చే యూడీపీ పోర్టులు 10000 నుంచి 20000 వరకు సర్వర్‌కు మళ్లించాలి. ట్రాన్స్‌పోర్ట్ మార్పులు మామూలుగా రీలోడ్‌తో అమలు కావు, ఆస్టరిస్క్‌ను రీస్టార్ట్ చేయాలి. ఇది తెలీక అన్నీ సరిగ్గా రాసి కూడా మళ్లీ చెరిపేస్తుంటారు.

కోచింగుల సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పటికీ సిప్.కాన్ఫ్ (పీజేసిప్‌కు ముందు వాడిన చాన్_సిప్ అనే పాత భాగపు సెట్టింగుల ఫైలు) నేర్పించి ఫీజులు తీసుకుంటున్నారు. ఆ చాన్_సిప్‌ను 2023లో వచ్చిన ఆస్టరిస్క్ 21 నుంచే తీసేశారు. అది నేర్చుకుని పోతే పాత సర్వర్లు కాయడానికే పనికొస్తాడు.

కోర్సుకు కట్టే డబ్బుతో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ కొనుక్కుంటే మేలు. డెబియన్, దానిమీద ఆస్టరిస్క్ 22, రెండు ఫోన్లలో సిప్ కాల్స్ చేసే లిన్‌ఫోన్ యాప్ పెట్టుకుని నేర్చుకోవచ్చు. 1001 ఎక్స్‌టెన్షన్‌కు 1001 పాస్‌వర్డ్ పెట్టి, సిప్ సందేశాలు వచ్చే 5060 పోర్టును బయటికి తెరిచాడో, రాత్రికి రాత్రే ఎవడో దూరి విదేశాలకు కాల్స్ చేస్తాడు. ట్రంక్ ఉంటే బిల్లు మీకే. తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టేవాళ్లను అడ్డుకునే ఫెయిల్‌టుబ్యాన్ ఒక్కటే చాలదు, ఆ పోర్టు ట్రంక్ కంపెనీ ఐపీలకు మాత్రమే తెరిచి ఉండాలి.

తర్వాత కమైలియో (భారీ సంఖ్యలో కాల్స్‌ను దారి మళ్లించే సిప్ సర్వర్), కొంత పైథాన్, ఏఆర్ఐ (బయటి ప్రోగ్రాముతో ఆస్టరిస్క్‌ను నడిపే మార్గం) నేర్చుకోవాలి. ఇప్పుడు అందరికీ మాట్లాడే బాట్లు కావాలి. కాల్‌లోని మాటను బయటి ప్రోగ్రాముకు పంపాలంటే ఆస్టరిస్క్‌లోని ఆడియోసాకెట్, ఎక్స్‌టర్నల్ మీడియా అనే సదుపాయాలు తెలిసుండాలి. వచ్చే అయిదేళ్లూ డబ్బు ఇక్కడే, రాసిపెట్టుకోండి.

ఇంకోటి. కడప వైపు గల్ఫ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాలు ఎక్కువ కదా, "సిమ్ బాక్స్ పెట్టు, నెలకింత ఇస్తాం" అని ఈ పని తెలిసిన కుర్రాళ్లకు గాలం వేస్తారు. విదేశీ కాల్స్‌ను నెట్‌లో తెచ్చి లోకల్ సిమ్‌ల మీదుగా వదలడం అక్రమ ఎక్స్‌చేంజ్ కిందికే వస్తుంది. పోలీసులు వచ్చేది బాక్సు నడిచే ఇంటికే.