ఆవు మేత గుర్రానికి పడదు: సంత బరువులు మోసే గుర్రం పోషణ

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పాడేరు ఏజెన్సీలో కొండ మీది ఊరు. మా ఊరికి బండి రాదు. కాఫీ, మిరియాలు, పసుపు సంతకు దించడానికి, ఇంటి సరుకులు ఎక్కించుకోవడానికి నిరుడు ఒక ఆడ గుర్రం కొన్నాం. ఆరేళ్లుంటాయి, బరువు 250 కిలోల దాకా ఉంటుంది. ఆవులకు పెట్టే తవుడు, దాణా, నేపియర్ గడ్డే దీనికీ పెడుతున్నాం. గత నెల ఆవులతో పాటు దీనికీ పిడుదుల మందు, అమిట్రాజ్ కొట్టాం. మర్నాడు కడుపునొప్పితో కిందపడి పొర్లింది. వెదురు గొట్టంతో నూనె పోస్తే తగ్గింది. ఈ మధ్య ఒకసారి ముందు కాలు, ఇంకోసారి వెనక కాలు కుంటుతోంది. డెక్కలో దెబ్బేమీ కనిపించలేదు. మేత ఎలా పెట్టాలి? ఎంత బరువు వేయొచ్చు? నాడాలు, టీకాలు అవసరమా? ఇంకో గుర్రం కొందామనుకుంటున్నాం, ఏం చూసి కొనాలి?
– ఒక గిరిజన రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: మీరు రాసిన వాటిలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఆ కుంటే. కడుపునొప్పి వచ్చి తగ్గింది కాబట్టి అందరి దృష్టీ దాని మీదే ఉంటుంది. కానీ దెబ్బ లేకుండా ఒక్కోసారి ఒక్కో కాలు కుంటుతోందంటే ఎముకల్లో కాల్షియం తగ్గుతోందేమోనని అనుమానించాలి. మీ మేత చూస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతోంది.

నేపియర్ గడ్డిలో ఆక్సలేట్లు అనే పదార్థాలు ఎక్కువ. అవి గడ్డిలోని కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. ఆవు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను చాలావరకు విరగ్గొట్టేస్తాయి కాబట్టి ఆవుకు ఇబ్బంది ఉండదు. గుర్రానికి ఆ పెద్ద పొట్ట లేదు. తిన్న గడ్డి ముందు చిన్న కడుపులోకి, చిన్న పేగులోకి వెళ్తుంది. పీచు పులిసేది చివరి పెద్ద పేగులో. కాల్షియం ఒంటికి పట్టేది అంతకన్నా ముందే, చిన్న పేగులో. అందుకే గడ్డిలో కాల్షియం ఉన్నా గుర్రానికి దక్కదు. దీనికి తోడు మీరు తవుడు పెడుతున్నారు. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం నామమాత్రం. గుర్రం మేతలో భాస్వరం కన్నా కాల్షియం ఎప్పుడూ ఎక్కువే ఉండాలి, ఒకటిన్నర నుంచి రెండింతలు ఉంటే మంచిది. మీ మేతలో లెక్క తిరగబడింది. అప్పుడు ఒళ్లు తనకు కావలసిన కాల్షియాన్ని సొంత ఎముకల్లోంచి లాక్కుంటుంది. ముందు ఇలా కాళ్లు మార్చి మార్చి కుంటడం, అడుగు పొట్టిగా వేయడం కనిపిస్తుంది. ముదిరితే ముఖం ఎముకలు రెండు వైపులా ఉబ్బుతాయి, పళ్లు కదులుతాయి.

ఈ రోజే గుర్రం ముఖాన్ని ఎదురుగా నిలబడి చూడండి. కళ్లకు కింద, ముక్కుకు రెండు పక్కలా వేళ్లతో తడమండి. ఉబ్బు తగిలినా తగలకపోయినా డాక్టర్‌కు చూపించాలి. కుంటుకు వేరే కారణాలూ ఉండొచ్చు. మేత మాత్రం ఇప్పుడే మార్చడం మొదలుపెట్టండి. ఒక్కరోజులో కాదు, వారం పది రోజుల్లో మెల్లగా. ఎముక మళ్లీ గట్టిపడటానికి నెలలు పడుతుంది, అన్నాళ్లూ బరువు వేయకండి.

మేత విషయానికొస్తే, గుర్రానికి గడ్డే అసలు తిండి. దాణా తోడు మాత్రమే. రోజుకు ఒంటి బరువులో సుమారు 2 శాతం ఎండు పదార్థం కావాలి, అంటే మీ గుర్రానికి 5 కిలోలు. చోడి (రాగి) గడ్డి గానీ శుభ్రమైన ఎండు గడ్డి గానీ 3 కిలోలు, గట్ల మీద కోసిన మామూలు పచ్చగడ్డి 10 కిలోలు వేస్తే లెక్క సరిపోతుంది. వరిగడ్డి కన్నా చోడి గడ్డి చాలా నయం. నేపియర్ ఆవులకు ఉంచండి. వేరే గడ్డి దొరక్క తప్పనిసరైతే, పచ్చగడ్డిలో నాలుగో వంతుకు మించకుండా కలిపి, రోజూ దాణాలో కలిపే రకం సున్నపురాయి పొడి 30 గ్రాములు ఇవ్వండి. కాస్త లూసర్న్ అనే పప్పుజాతి పశుగ్రాసం వేసుకోగలిగితే ఇంకా మంచిది, అందులో కాల్షియం పుష్కలం. లేత జొన్న చొప్పను మాత్రం మేపకండి. గుర్రాల్లో అది మూత్రాశయాన్ని దెబ్బతీసి వెనక కాళ్లను తూలేలా చేస్తుంది. బూజు పట్టిన గడ్డి, మొక్కజొన్న ఏ గుర్రానికీ పెట్టొద్దు. బూజు మొక్కజొన్నలోని విషం మెదడును పాడు చేస్తుంది.

పెద్ద గుర్రానికి కూడా కడుపు 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. అది ఖాళీగా ఉన్నా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. కాబట్టి గడ్డిని రెండు పూటలు కుప్పగా వేయకుండా నాలుగైదు సార్లు పంచండి, రాత్రికి ఎక్కువ వేయండి. పని ఉన్న రోజున అరకిలో ఉలవలు ఉడికించి, అరకిలో దంచిన చోళ్లు గానీ మొక్కజొన్న గానీ కలిపి రెండు పూటలుగా పెట్టండి. ఉలవ గుగ్గిళ్లు మన పెద్దలు ఊరికే పెట్టలేదు. పచ్చి ఉలవల్లో జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు ఉడికిస్తే పోతాయి. రోజుకు 25 గ్రాముల ఉప్పు ఇవ్వండి, దాని ఎదురుగా ఎప్పుడూ నీళ్లు ఉండాలి. ఎండాకాలం పని రోజుల్లో 30 లీటర్లు దాటి తాగినా ఆశ్చర్యపోవద్దు.

సంత రోజు తప్ప మిగతా రోజులు గుర్రం కట్టేసే ఉంటే, ఆ రోజుల్లో దాణా సగానికి తగ్గించండి. కూర్చోబెట్టి నిండుగా మేపి ఒక్కసారిగా కొండ ఎక్కిస్తే తొడ కండరాలు బిగుసుకుపోయి గుర్రం నడవలేక నిలబడిపోతుంది, చెమటలు పడతాయి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తుంది. అలా జరిగితే ఇంకో అడుగు కూడా నడిపించకండి, అక్కడికే డాక్టర్‌ను పిలిపించండి.

గడ్డి మెల్లగా మార్చమన్నా, పశువుల దాణా, కోళ్ల దాణా మాత్రం ఈ రోజు నుంచే ఆపేయండి. కొన్ని పశువుల దాణాల్లో, కోళ్ల దాణాల్లో మోనెన్సిన్ లాంటి మందులు కలుపుతారు. ఆవుకు మేలు చేసే ఆ మందు కొద్ది మోతాదులోనే గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి చంపేస్తుంది. సంచి మీద రాయలేదని నమ్మడానికి లేదు.

ఇక ఆ రోజు కడుపునొప్పి. అమిట్రాజ్ గుర్రాలకు వాడకూడని మందు. అది పేగు కదలికను ఆపేస్తుంది, లోపల మేత గట్టిపడి అడ్డం పడుతుంది. మీ గుర్రం బతికి బయటపడింది, మళ్లీ కొట్టకండి. పిడుదులను చేత్తో ఏరి చంపండి, లేదంటే గుర్రాలకు పనికొచ్చే మందు డాక్టర్‌ను అడిగి తెచ్చుకోండి. నట్టల మందుకూ ఇదే మాట. ఆవుకిచ్చే ఇంజెక్షన్ గుర్రానికి పొడిపించకండి, నోట్లో పెట్టే పేస్టులు వేరే ఉంటాయి.

గొట్టంతో నూనె పోయడం కూడా ప్రమాదమే. నొప్పితో మెలికలు తిరిగే గుర్రానికి తల ఎత్తి పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టర్ ముక్కులోంచి సన్నని ట్యూబు కడుపు దాకా దించి పోస్తారు. గుర్రానికి వాంతి కాదు. లోపల చేరిన గ్యాసు, నీరు పైకి రావడానికి దారి లేక కడుపు పగిలిపోయే గుర్రాలున్నాయి. ఆ ట్యూబు ప్రాణం నిలబెట్టేది అందుకే.

మళ్లీ నొప్పి వస్తే గుర్తులు ఇవి: ముందు కాలితో నేల గీరడం, డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకోవడం, పడుకోవడం లేవడం, చెమట, లద్దె వేయకపోవడం. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు 8 నుంచి 12 సార్లు లద్దె వేస్తుంది. కాబట్టి పొద్దున్నే కొట్టంలో లద్దె ఎంత ఉందో చూడటం అలవాటు చేసుకోండి. నొప్పి కనిపించగానే మేత తీసేయండి. తర్వాత నాడి చూడండి. దవడ ఎముక కింది అంచుకు లోపలి వైపు రెండు వేళ్లు ఆనిస్తే, తాడులా జారే రక్తనాళం ఒకటి తగులుతుంది. దాన్ని ఎముకకు మెత్తగా నొక్కి పావు నిమిషం కొట్టుకోవడం లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మామూలుగా 28 నుంచి 44 ఉంటుంది. 60 దాటితే ప్రాణం మీదికొచ్చిందని అర్థం. చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా, ఎర్రబడ్డాయా, నీలిబడ్డాయా చూడండి. ఈ వివరాలతో పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి. మీ ఊరికి వాహనం రాదు కాబట్టి, గుర్రం నడవగలిగితే మెల్లగా రోడ్డు దాకా దించి అక్కడికి రమ్మనండి. చూద్దాం, తగ్గుతుందేమో అని రాత్రంతా ఆగొద్దు.

బరువు గురించి 1965 నాటి కేంద్ర నిబంధనల్లో స్పష్టంగా ఉంది. చిన్న గుర్రం మీద 70 కిలోలకు మించకూడదు. రోజుకు 9 గంటలకు మించి, ఆపకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని పెట్టకూడదు. నా మాట ఏమిటంటే, ఎముకలు గట్టిపడి మళ్లీ బరువు వేయడం మొదలుపెట్టాక కూడా, కొండ ఎక్కేటప్పుడు మీ గుర్రానికి 50 కిలోలు చాలు. మూటలు రెండు పక్కలా సమానంగా వేలాడాలి, వెన్నుపూస మీద ఏదీ ఆనకూడదు. కింద మందపాటి కంబళి వేసి, దించిన ప్రతిసారీ వీపు తడమండి. వేడిగా, తడిగా, వెంట్రుక ఊడి ఉన్న చోటే రేపు పుండు పడుతుంది.

మట్టి దారిలోనే నడిస్తే నాడాలు అక్కర్లేదు. రాళ్ల దారి, తారు రోడ్డు ఎక్కువైతే కొట్టించండి. కొట్టించినా కొట్టించకపోయినా 6 నుంచి 8 వారాలకోసారి డెక్క చెక్కించాలి. రోజూ సాయంత్రం డెక్క అడుగున ఇరుక్కున్న రాళ్లు, మట్టి తీసేయండి. నల్లగా కారి కుళ్లు వాసన వస్తుంటే కట్టేసిన చోటు తడిగా ఉందన్నమాట.

టీకాల్లో ధనుర్వాతం టీకా తప్పనిసరి. మేకు గుచ్చుకున్న చిన్న గాయంతోనే గుర్రం కొయ్యబారి చనిపోతుంది. కుక్కలు తిరిగే ఊరు కాబట్టి రేబిస్ టీకా కూడా వేయించండి. సర్రా వ్యాధికి టీకా లేదు. అది జోరీగల వల్ల వస్తుంది, వానాకాలంలో ఎక్కువ. వచ్చిపోయే జ్వరం, తింటూనే చిక్కిపోవడం, కాళ్లలో పొట్ట కింద నీరు చేరడం కనిపిస్తే రక్త పరీక్ష చేయించండి, మందు ఉంది.

కొత్త గుర్రం కొనేటప్పుడు దాన్ని చదునైన గట్టి నేల మీద నడిపించి, పరుగెత్తించి చూడండి. గడ్డి వేసి ఎలా నములుతుందో చూడండి. నమిలి ఉండలుగా కింద పడేస్తే పళ్లలో తేడా ఉంది. అన్నిటికన్నా ముఖ్యం గ్లాండర్స్ అనే అంటువ్యాధి పరీక్ష. ముక్కులోంచి చిక్కటి చీమిడి, ముక్కు లోపల పుండ్లు, కాళ్ల మీద వరుసగా గడ్డలు దాని లక్షణాలు. పైకి ఏమీ కనిపించకుండా కూడా ఉంటుంది. మనుషులకూ సోకుతుంది. నిర్ధారణ అయిన గుర్రానికి వైద్యం చేయరు, చట్టం ప్రకారం నొప్పి తెలియకుండా చంపేయాల్సిందే. అందుకే డబ్బు చేతులు మారకముందే పశువుల ఆసుపత్రిలో రక్తం తీయించండి. నమూనాను హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో నిర్ధారించే ఏర్పాటు ఉంది. ఫలితం వచ్చి కొన్నాక కూడా మూడు వారాలు విడిగా, వేరే బకెట్టుతో నీళ్లు పెట్టి ఉంచండి. సంతలో కూడా మీ గుర్రానికి మీ బకెట్టే తీసుకెళ్లండి, అందరి గుర్రాలూ మూతి పెట్టే తొట్టెలో తాగించకండి.