పన్ను పీకించుకునే ముందే ఎముక సంగతి అడగండి

ఈమధ్య కొత్తగా అమెరికా వచ్చిన మన పిల్లల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న పదే పదే వస్తోంది. అన్నా, నొప్పని డెంటిస్టు దగ్గరికెళ్తే పన్ను తీసెయ్యాలన్నాడు, సరే అంటే బోన్ గ్రాఫ్ట్ అని ఇంకో ఎనిమిది వందల డాలర్లు ఎస్టిమేట్‌లో కలిపాడు, మనూళ్ళో పన్ను పీకితే దూది పెట్టి పంపించేస్తారు కదా, ఇక్కడ ఎముక వెయ్యడమేంటి, దోచుకుంటున్నారా అని. దోపిడీ అని ఒక్క మాటలో తేల్చెయ్యకండి, అలాగని కుర్చీలో కూర్చోబెట్టి ఐప్యాడ్ చేతికిచ్చి సంతకం పెట్టమనగానే పెట్టేసి రాకండి కూడా. ఇది పన్ను ఊడాక ఆలోచించే విషయం కాదు, ముందే తేల్చుకోవాలి.

అసలు సంగతేంటంటే, దవడలో పన్ను చుట్టూ ఉండే ఎముక ఆ పన్ను ఉన్నంతవరకే నిలబడుతుంది. పన్ను పోయిందంటే ఇక దానికి పని లేదు, కరిగిపోవడం మొదలెడుతుంది, అదీ మొదటి మూడు నాలుగు నెలల్లోనే ఎక్కువ, ఏడాది తిరిగేసరికి వెడల్పులో సగం దాకా పోవచ్చు. పోయిన పన్ను బదులు కృత్రిమ పన్ను నిలబెట్టడానికి దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్ స్క్రూ మందం మామూలుగా 4 మిల్లీమీటర్లు అనుకుంటే దానికి అటూ ఇటూ కనీసం ఒకటీ ఒకటిన్నర మిల్లీమీటరు ఎముక ఉండాలి, అంటే 6, 7 మిల్లీమీటర్ల గట్టు కావాలన్నమాట. అది లేకపోతే అప్పుడు ఎముక పెంచే ఆపరేషను వేరే చెయ్యాలి, అది పన్ను పీకినరోజే ఎముక ఎక్కువ కరగకుండా గుంటలో గ్రాఫ్ట్ పొడి నింపినంత తేలిక కాదు, ఖర్చూ ఎక్కువ, వాపూ ఎక్కువ. పై దవడ వెనక పళ్ళయితే ఇంకో తలనొప్పి, వాటిపైన సైనస్ అనే గాలి గది ఉంటుంది, పన్ను పోయాక ఆ సైనస్ కిందకి జారుతూ వస్తుంది, ఎముక నాలుగైదు మిల్లీమీటర్లే మిగిలితే ఆ సైనస్ పొరని పైకి లేపి కింద ఎముక నింపాలి, దాన్నే సైనస్ లిఫ్ట్ అంటారు, దానికి వేలల్లో అవుతుంది.

ఈ గ్రాఫ్ట్ అందరికీ అవసరమా అంటే కాదు. జ్ఞానదంతం పీకినచోట ఎవరూ ఇంప్లాంట్ వెయ్యరు, అక్కడ గ్రాఫ్ట్ అంటే ఎందుకని గట్టిగా అడగండి, జవాబు నచ్చకపోతే రెండో డాక్టరుకి చూపించండి. ఇంప్లాంట్ వద్దు, పక్క పళ్ళు అరగదీసి బ్రిడ్జి వేయించుకుంటా అనేవాళ్ళకి కూడా తప్పనిసరి ఏం కాదు, ముందు పళ్ళయితే చిగురు గుంటపడకుండా చూడ్డానికి బాగుంటుందని చెప్తారు, అది మీ ఇష్టం. కొంతమందికి పన్ను తీసిన రోజే ఇంప్లాంట్ పెట్టెయ్యొచ్చు, చీము లేకుండా చుట్టూ గోడలు బాగుంటే. ఇవన్నీ మామూలు ఎక్స్‌రేలో తేలవు, సీబీసీటీ అనే 3డీ స్కాన్ తీసి వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లుందో స్క్రీన్ మీద చూపించమని అడగండి, చూపిస్తారు.

ఇక మనవాళ్ళు అసలు అడగనిది, తర్వాత తెలిసి బాధపడేది ఇంకొకటుంది. ఆ వేసే ఎముక ఎక్కడిది? చిన్న గాజు సీసాలో ఇడ్లీ రవ్వలా తెల్లగా ఉంటుంది, సెలైన్‌లోనో మీ రక్తంలోనో తడిపి గుంటలో అద్ది, పైన ఓ పలచటి పొర కప్పి కుట్లేస్తారు, ఐదు పది నిమిషాల పని. ఆ రవ్వ నాలుగు రకాలు. మీ దవడ నుంచో గడ్డం నుంచో తీసిన మీ సొంత ఎముక, చనిపోయాక దానం చేసినవాళ్ళ ఎముక, జంతువుల ఎముక, లాబ్‌లో తయారుచేసిన సింథటిక్. అమెరికాలో ఎక్కువగా వాడేది దాతల ఎముకే, దాన్ని కడిగి శుద్ధిచేసి ఎండబెట్టి ఇస్తారు, జబ్బులేమైనా ఉన్నాయేమోనని దాతని ముందే పరీక్షిస్తారు. జంతువులదంటే ఎక్కువగా ఆవుది, కొన్ని పందివి. ప్రపంచమంతా పేరున్న బయో-ఆస్ అనేది స్విట్జర్లాండ్ కంపెనీది, అది ఆవు ఎముకే, అందులో మాంసకృత్తులు లేకుండా తీసేసి ఖనిజం మాత్రమే మిగుల్చుతారు, తొందరగా కరగదు కాబట్టి ఆకారం నిలబెట్టాల్సినచోట డాక్టర్లకి ఇష్టం.

ఇందులో తప్పొప్పులు నేను చెప్పను, మా ఇంట్లోనే ఒకళ్ళు ఏదైతే ఏముందిలే అన్నారు, ఇంకొకళ్ళు నోట్లో అది పెట్టుకుని పూజ ఎలా చేస్తాను అన్నారు. నేను చెప్పేదల్లా, మీరు ఒప్పుకుంటూ సంతకం పెట్టే ఆ కన్సెంట్ ఫారంలో చాలాచోట్ల ఈ రకాల పేర్లు పక్కన గడులతో ఉంటాయి, చదివి టిక్ పెట్టండి, హిందువులైనా ముస్లిములైనా జైనులైనా మీకు ఏది కూడదో ముందు అపాయింట్‌మెంట్‌లోనే చెప్పండి, వాళ్ళేం తప్పుగా అనుకోరు, రోజూ వినే మాటే. ఒక మెలిక మాత్రం ఉంది. సింథటిక్ ఎముక కావాలని పట్టుబట్టి వేయించుకున్నవాళ్ళు కూడా పైన కప్పే పొర గురించి అడగరు, ఆ కొల్లాజెన్ పొర చాలావరకు ఆవుదో పందిదో అయ్యుంటుంది. అది వద్దంటే టెఫ్లాన్ అని మనం పిలిచే పీటీఎఫ్ఈ పొర ఉంది, కరగదు కాబట్టి కొన్ని వారాలాగి తీసేస్తారు, లేదంటే మీ చేతి నుంచే రక్తం తీసి మెషీన్‌లో తిప్పి పీఆర్ఎఫ్ అనే జిగురులాంటి పొర చేసి వేస్తారు. యాంటీబయాటిక్ క్యాప్సూల్ తొడుగు జెలటిన్ కదా అని ఇంకా లోతుకి వెళ్తారా, టాబ్లెట్ రూపంలో రాయమనండి, అంతే.

డబ్బుల దగ్గరికొద్దాం. ఇక్కడ డెంటల్ ఇన్సూరెన్స్‌ని మెడికల్ ఇన్సూరెన్స్‌లా అనుకోకండి, చాలా ప్లాన్లు ఏడాదికి వెయ్యి, పదిహేను వందలు, రెండు వేల డాలర్లిచ్చి చేతులు దులిపేసుకుంటాయి. ఇంప్లాంట్, దానికీ క్యాప్‌కీ మధ్య బిగించే అబట్‌మెంట్, క్యాప్ కలిపి మూడు వేల నుంచి ఆరు వేల దాకా అయ్యే చోట అది ఏ మూలకి? కాబట్టి డెంటల్ ఆఫీసు వాళ్ళని ఇన్సూరెన్స్‌కి ప్రీ-డిటర్మినేషన్ పంపించమనండి, ఇన్సూరెన్స్ ఎంతిస్తుందో రాతపూర్వకంగా వస్తుంది, గ్యారంటీ కాదుగానీ అంచనా తెలుస్తుంది. ఎస్టిమేట్‌లో కోడ్‌లు చూడండి, పీకిన గుంటలో వేసే గ్రాఫ్ట్‌కి డి7953, ఇంప్లాంట్‌కి డి6010, ఆ పొరకి వేరే కోడ్, వేరే రేటు. గ్రాఫ్ట్ కవర్ అవుతుందని ఫోన్లో చెప్పి పొరకి మీ జేబులోంచే కట్టించుకోవడం మామూలే.

కొత్తగా వచ్చినవాళ్ళు ముఖ్యంగా చూడాల్సింది మిస్సింగ్ టూత్ క్లాజ్. మీ పాలసీ మొదలవ్వకముందే ఊడిపోయిన పన్నుకి మేం డబ్బులివ్వం అని చాలా ప్లాన్లలో ఉంటుంది. ఫ్లైట్ ఎక్కేముందు హడావుడిగా గుంటూరులోనో వరంగల్‌లోనో పన్ను పీకించుకుని, ఇంప్లాంట్ అక్కడికెళ్ళాక ఇన్సూరెన్స్‌లో చూద్దాంలే అనుకునేవాళ్ళు ఈ క్లాజ్ దగ్గరే దెబ్బతింటారు. ఉద్యోగం మారితే కొత్త కంపెనీ ప్లాన్‌లో మళ్ళీ ఇదే మొదలు. పన్ను తీసింది ఒక ప్లాన్‌లో, ఇంప్లాంట్ ఇంకో ప్లాన్‌లో అయితే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇందులో కాలం మనకి కలిసొచ్చే విషయం ఒకటుంది. గ్రాఫ్ట్ మానడానికి ఎలాగూ నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. నొప్పీ చీమూ లేక డాక్టరు ఆగొచ్చంటేనే సుమా, పన్ను తీసి గ్రాఫ్ట్ వెయ్యడం నవంబరు డిసెంబరులో పెట్టుకుంటే ఇన్సూరెన్స్ ఏడాదికి ఇచ్చే మాక్సిమం దీనికి, జనవరిలో కొత్తగా వచ్చే మాక్సిమం ఇంప్లాంట్‌కీ క్యాప్‌కీ. ప్లాన్ సంవత్సరం జనవరిలోనే మొదలవుతుందో లేదో చూసుకోండి, కొన్ని కంపెనీల్లో జులైలో మొదలవుతుంది. ఏటా ప్లాన్లు ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో ఎఫ్ఎస్ఏ, అంటే టాక్స్ పడకుండా జీతంలోంచి వైద్యానికి పక్కన పెట్టే ఖాతా, అది కూడా దానికి తగ్గట్టు పెట్టుకోండి, 2025లో దాని పరిమితి 3,300 డాలర్లు ఉండేది, ఏడాదంతా మీ జీతంలో కోసేది మొదటి రోజునుంచే మొత్తం వాడుకోవచ్చు. మధ్యలో ఉద్యోగం పోయినా అప్పటికే వాడేసిన డబ్బు వెనక్కివ్వక్కర్లేదు, వాడనిదే పోతుంది. హై డిడక్టిబుల్ ప్లాన్‌తో వచ్చే ఇలాంటి ఇంకో ఖాతా హెచ్ఎస్ఏ ఉంటే మామూలు ఎఫ్ఎస్ఏ కుదరదు, పళ్ళకీ కళ్ళకీ మాత్రమే పనికొచ్చే లిమిటెడ్ పర్పస్ ఎఫ్ఎస్ఏ తీసుకోవచ్చు.

లేఆఫ్ అయితే? హెచ్1బీ వీసావాళ్ళకి ఉద్యోగం పోయాక ఉండే 60 రోజుల గ్రేస్‌లో పన్ను గురించి ఎవడాలోచిస్తాడు నిజమే, కానీ పాత కంపెనీ ఇన్సూరెన్స్‌ని మన డబ్బుతో కొనసాగించుకునే కోబ్రా కింద డెంటల్ కూడా కొనసాగించొచ్చు, సగంలో ఉన్న ట్రీట్‌మెంట్ ఉంటే లెక్కేసి చూసుకోండి. 20 మంది కంటే తక్కువ ఉన్న చిన్న కన్సల్టెన్సీ అయితే ఫెడరల్ కోబ్రా వర్తించదు. ఖర్చు భరించలేకపోతే దగ్గర్లో డెంటల్ కాలేజీ ఉందేమో చూడండి, స్టూడెంట్లూ రెసిడెంట్లూ ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, టైం పడుతుంది కానీ బయటకంటే బాగా తక్కువ.

ఇండియాలో చేయించుకుంటే సగం కంటే తక్కువలో అయిపోతుంది కదా అంటారు. అవుతుంది, హైదరాబాద్ విజయవాడల్లో మంచి హస్తవాసి ఉన్న డాక్టర్లకి కొదవ లేదు. కానీ మూడు వారాల సెలవులో గ్రాఫ్ట్, ఇంప్లాంట్, క్యాప్ అన్నీ అయ్యే పని కాదు, మధ్యలో నెలలు ఆగాలి. అన్నీ ఒకే ట్రిప్‌లో అయిపోతాయని ఎవరైనా హామీ ఇస్తే మీ ఎముక అంత బాగుందా అని స్కాన్ పెట్టి అడగండి. ఒక ట్రిప్‌లో గ్రాఫ్ట్, ఇంకో ట్రిప్‌లో ఇంప్లాంట్ అనుకుంటే వీసా స్టాంపింగ్ సంగతి కూడా చూసుకోవాలి. గ్రాఫ్ట్ వేసి ఏడాదిన్నర దాకా వెళ్ళలేకపోతే ఆ కొత్త ఎముక కూడా మెల్లగా తగ్గుతుంది. ఇంప్లాంట్ అక్కడ పెట్టించుకుంటే కంపెనీ, మోడల్, మందం, పొడవు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ అడిగి తెచ్చుకోండి. స్ట్రామన్, నోబెల్, ఆస్టెమ్, ఒకదాని స్క్రూ ఇంకోదానికి పట్టదు, రేపు ఇక్కడ క్యాప్ వదులైతే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.

కుట్లేసిన వారం స్ట్రా వాడొద్దు, గట్టిగా పుక్కిలించి ఉమ్మొద్దు, సిగరెట్టు అసలొద్దు, పెరుగన్నంలో ఆవకాయ కొన్నాళ్ళు మానండి. రెండు మూడు రవ్వలు నోట్లోకొస్తే కంగారుపడకండి, చాలా వస్తే ఫోన్ చెయ్యండి. సైనస్ లిఫ్ట్ అయితే ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, ఫ్లైట్ ఎప్పుడెక్కొచ్చో డాక్టర్ని అడిగి టికెట్ కొనండి.

ఇక అమ్మానాన్నలు విజిట్‌కొచ్చినప్పుడు ఇక్కడే పళ్ళు చూపించేద్దాం అనుకునేవాళ్ళకి: విజిటర్ ఇన్సూరెన్స్‌లో డెంటల్ అంటే మహా అయితే అత్యవసర నొప్పి వరకే, గ్రాఫ్టులూ ఇంప్లాంట్లూ ఉండవు. షుగరుంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు అడుగుతారు, 8 దాటితే చాలామంది డాక్టర్లు వాయిదా వేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, అమ్మ ఎముకల బలానికని వారానికో మాత్ర అలెండ్రోనేటో, ఏడాదికో ఇంజెక్షన్ జోలెడ్రోనిక్ ఆసిడో, ఆర్నెల్లకోటి డెనోసుమాబో వాడుతోందేమో కనుక్కోండి. ఆ మందులు వాడేవాళ్ళలో పన్ను పీకినచోట దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం కొద్దిగా ఉంది. డాక్టరు ఫారంలో మందులేం వాడుతున్నారంటే మనవాళ్ళు బీపీ, షుగరు రాసి వదిలేస్తారు, ఏడాదికొకసారి వేయించుకున్న ఇంజెక్షన్ గుర్తే ఉండదు. మీరంతట మీరు ఆపించెయ్యకండి, ఊళ్ళో డాక్టరు రాసిన చీటీ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని, పన్ను మీద చెయ్యి వెయ్యకముందే సర్జన్‌కి చూపించండి.