లేక్ నిండుతుంటే డాక్ దగ్గర క్రాపీ ఎక్కడ దొరుకుతుంది?

వానలకి అమెరికాలోని జార్జియాలో ఉన్న లేక్ లేనియర్ మూడు నాలుగడుగులు పెరిగింది, ఇంకా పెరుగుతోంది, పోయిన వారం డాక్ (పడవలు కట్టే బల్లకట్టు) కింద పడిన క్రాపీ చేపలు ఇప్పుడు తగలట్లేదు, ఎర ఇంకా లోతుకి దింపాలా అని కదా మీరడిగింది. వద్దండి. పైకి తీసుకురండి.

నేనూ ఆ పొరపాటే చేశాను. మేముండేది కమింగ్ ఊళ్లో, లేక్ పాయ బాల్డ్ రిడ్జ్ క్రీక్ మాకు దగ్గర. ఒక ఏప్రిల్‌లో లేక్ నిండుమట్టం (ఫుల్ పూల్) 1071 అడుగులు దాటి 1074కి వచ్చింది. మూడడుగులు పెరిగింది కదా అని బెండు మూడడుగులు జరిపి, తొమ్మిదడుగుల కింద మిన్నో (ఎరగా వాడే చిన్న చేప) వేలాడదీశా. రెండు గంటలు కూర్చున్నా బెండులో చలనం లేదు. పడవలో వెనకాల మా బావమరిది తంగూసు చిక్కు విప్పలేక విసుగెత్తి, బెండు కింద మిగిలిన రెండడుగుల దారంతోనే డాక్‌కీ ఒడ్డుకీ మధ్య, మునిగిన పొదల పక్కన విసిరాడు. కాసేపటికి బెండు మునగలేదు, అడ్డంగా పడుకుంది. "బావా, ఇది పాడైందా?" అంటాడు. క్రాపీ కిందనుంచి వచ్చి ఎర నోట్లో పెట్టుకుని పైకి లేస్తే, బరువు పోయి బెండు అలాగే పడుకుంటుంది. ఆ సాయంత్రం పన్నెండు పడితే పదకొండు వాడివే!

లేనియర్‌లో డాకులు తేలేవి. నీళ్లతోపాటు డాకూ లేస్తుంది, దాని నీడా లేస్తుంది. క్రాపీ పైకి చూస్తూ మేసే చేప, లేక్ అడుగుభాగం ఎంత కిందికి పోయినా దానికి అక్కర్లేదు. అందుకే లోతు పైనుంచి కొలవండి. దానికితోడు వసంతంలో నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక గుడ్లు పెట్టడానికి ఒడ్డువారకి ఎలాగూ వస్తుంది, బురద నీళ్లయితే వెలుతురు తగ్గి రెండడుగుల్లో కూడా జంకదు. కొత్త నీరు రాగానే చేప గట్టువారకి ఎదురెక్కడం గోదావరి జిల్లాలో పుట్టి చిన్నప్పుడే చూసినవాణ్ణి. ఇక్కడికొచ్చి మరిచిపోయానంతే.

ముందు డాక్ వెనక, ఒడ్డువైపు వెయ్యండి. తర్వాత ఒడ్డునుంచి డాక్‌కి వేసిన నడకబల్ల కింద. పడకపోతే డాక్ నీడలోకి 1/16 ఔన్స్ జిగ్‌ని (బరువు తలున్న ముల్లుకి తొడిగిన ఉత్తుత్తి ఎర) వేళ్లతో పట్టుకుని, గాలం కర్రని విల్లులా వంచి వదలండి. జిగ్ చదునుగా జారి లోపలికి పోతుంది. జిగ్‌ని గుండెలవైపు కాదు, పక్కకి లాగి పట్టుకోండి, ముల్లు వేలికి గుచ్చుకుంటే ఆ రోజుకి అయిపోయినట్టే. బురదలో నలుపూ, మెరిసే పసుపుపచ్చా కలిసిన రంగు నాకు బాగా పనిచేసింది. చేప తగిలాక గట్టిగా లాగొద్దు, దాని పెదవి కాగితమంత పల్చన, చిరిగి జారిపోతుంది.

ఒక జాగ్రత్త. చాలా డాకులకి కరెంటుంటుంది. నీళ్లు పెరిగినప్పుడు మునిగిన బల్లల మీదికి ఎక్కొద్దు, ఇనప కమ్మీలు పట్టుకోవద్దు, నీళ్లలోకి దిగొద్దు. కొట్టుకొచ్చే దుంగలు కూడా చూసుకోండి.

లేక్‌కి కట్టిన బ్యూఫోర్డ్ డ్యామ్ నుంచి నీళ్లు వదిలి మట్టం తగ్గడం మొదలైతే మాత్రం పొదలు వదిలేయండి. ఒకట్రెండు రోజుల్లో చేపలు డాక్ బయటి మూలలకి సర్దుకుంటాయి, మీరూ అక్కడికే మారండి.