ఎన్‌క్లెక్స్ 85 ప్రశ్నలకే ఆగిపోతే ఫెయిలైనట్టేనా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి ఐసీయూలో పనిచేస్తున్నాను. అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్‌కు ఏటీటీ (పరీక్ష రాసేందుకు అనుమతి పత్రం) వచ్చింది, హైదరాబాద్‌లో రాద్దామనుకుంటున్నాను. కంప్యూటర్ 85 ప్రశ్నలకే ఆగిపోతే ఫెయిలేనని తోటివాళ్లు భయపెడుతున్నారు. పరీక్ష ఎలా ఉంటుంది? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: 85 దగ్గర పాసైనవాళ్లూ ఉంటారు, ఫెయిలైనవాళ్లూ ఉంటారు. ఈ పరీక్షలో అందరికీ ఒకే పేపరు ఉండదు. మీరిచ్చే ప్రతి జవాబుతో మీ సామర్థ్యంపై కంప్యూటర్ అంచనా మారుతుంది, తర్వాతి ప్రశ్న ఆ అంచనాను బట్టే వస్తుంది. మీరు పాస్ గీతకు పైన ఉన్నారో కింద ఉన్నారో 95 శాతం నమ్మకంగా తేలగానే పరీక్ష ఆగిపోతుంది. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150. త్వరగా ఆగిందంటే తేల్చడం సులువైందని మాత్రమే అర్థం. 150 దాకా సాగితే మీరు గీతకు దగ్గరగా తచ్చాడుతున్నట్టు, అంతే. మధ్యలో ‘తేలిక ప్రశ్న వచ్చింది, పోయినట్టే’ అని లెక్కలు వేసుకోకండి. 15 ప్రశ్నలు మార్కుల్లేనివి, అవి ఏవో ఎవరికీ చెప్పరు.

మన ప్రవేశ పరీక్షల అలవాటు ఒకటి ఇక్కడ పనికిరాదు: తెలియనిది వదిలేసి చివర్లో చూసుకోవడం. జవాబివ్వనిదే తర్వాతి ప్రశ్న రాదు, ఇచ్చాక వెనక్కి వెళ్లలేరు. విరామాలు కలుపుకొని మొత్తం 5 గంటలు. 150 వస్తాయనుకున్నా ఒక్కోదానికి 2 నిమిషాలు. 2 గంటలకు ఒకసారి, మూడున్నర గంటలకు మరోసారి కంప్యూటర్ విరామం ఇస్తామంటుంది. గడియారం ఆగదు, అయినా మొదటిది తీసుకోవడమే మంచిది. సమయం చాలదని చివర్లో గబగబా గుడ్డిగా నొక్కేయడమే అన్నిటికంటే చేటు: వరుస తప్పులు అంచనాను కిందికి లాగేస్తాయి. 85 పూర్తికాకుండా సమయం అయిపోతే మాత్రం ఫెయిలే.

మార్కులొచ్చే ప్రశ్నల్లో 18 కేస్ స్టడీలవి: 3 కేసులు, ఒక్కోదానికి 6 ప్రశ్నలు. తెర ఒకవైపు నర్స్ నోట్స్, వైటల్స్ (బీపీ, నాడి లాంటివి), ల్యాబ్ రిపోర్టులు ట్యాబుల్లో ఉంటాయి. ప్రశ్న మారేకొద్దీ కొత్త సమాచారం చేరుతుంది కాబట్టి ప్రతిసారీ ట్యాబులు తెరిచి చూడండి. ‘వర్తించేవన్నీ ఎంచుకోండి’ రకంలో సరైనదానికి ఒక మార్కు కలుస్తుంది, తప్పుదానికి ఒకటి పోతుంది, సున్నాకంటే కిందికి మాత్రం దిగదు. మూడు సరైనవి, ఒక తప్పు ఎంచుకుంటే మిగిలేది 2. అనుమానంగా ఉన్నవన్నీ టిక్ పెట్టేయడం వల్ల లాభం లేదు.

డోసు లెక్కల్లో అంకె మాత్రమే టైప్ చేయాలి. 1000 మి.లీ. సెలైన్ 8 గంటల్లో, డ్రాప్ ఫ్యాక్టర్ (ఒక మి.లీ.కు ఎన్ని చుక్కలో) 15 అంటే, 8 గంటలు 480 నిమిషాలు కాబట్టి నిమిషానికి 1000×15÷480 = 31.25 చుక్కలు. పూర్ణసంఖ్యకు సవరించమంటే 31. సవరణ చివర్లోనే చేయాలి. కాలిక్యులేటర్ తెరమీదే ఉంటుంది.

ఐసీయూ అనుభవం ఒక్కచోట అడ్డం తిరగొచ్చు. మన వార్డుల్లో ఏదైనా తేడా కనిపిస్తే ముందు డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తాం. ఈ పరీక్ష మాత్రం డాక్టరు వచ్చేలోపు నర్సుగా మీరు చేయగలిగింది ఏమిటని అడుగుతుంది. ముందు చేయాల్సింది ఇంకేదీ లేనప్పుడే ఫోన్ ఆప్షన్ ఎంచుకోండి.

నన్నడిగితే, చదువుకంటే ముందు పేరు సరిచూసుకోండి. హైదరాబాద్‌లో పాస్‌పోర్ట్ ఒక్కటే గుర్తింపు, గడువు ఉండాలి. మన ఇంటిపేర్లతోనే చిక్కంతా: ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, పెళ్లయ్యాక మరోటి. ఏటీటీలో, పాస్‌పోర్టులో పేరు అచ్చం ఒకేలా లేకపోతే లోపలికి రానివ్వరు, కట్టిన ఫీజు పోతుంది. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. ఏటీటీ గడువు సాధారణంగా 90 రోజులు, పొడిగించరు. తేదీ మార్చుకోవాలంటే కనీసం 24 గంటల ముందే మార్చుకోవాలి.

అరగంట ముందే చేరండి. ఫొటో, సంతకం, అరచేతి నరాల స్కాన్ తీసుకుంటారు, విరామం తర్వాత మళ్లీ అరచేయి పెట్టాలి. ఫోను వాళ్లిచ్చే సంచిలో సీలు చేయాలి, విరామంలో కూడా ముట్టుకోకూడదు. రాసుకోవడానికి చెరిపే బోర్డు, మార్కర్ ఇస్తారు. పరీక్ష మొదలుకాకముందే దానిమీద ఫార్ములాలు రాసుకోవడం నిషేధం.

సెంటర్లో ఫలితం చెప్పరు. మీరు దరఖాస్తు చేసిన నర్సింగ్ బోర్డు నుంచి 6 వారాల్లోపు వస్తుంది. ఈలోగా మళ్లీ రిజిస్టర్ చేసి చూస్తే తెలిసిపోతుందన్న కిటుకును నమ్మకండి, ఫీజు కట్ కావొచ్చు. పాసవకపోతే పెర్ఫార్మెన్స్ రిపోర్టు పంపిస్తారు. అందులో ఏయే విభాగాల్లో పాస్ స్థాయికి కింద ఉన్నారో ఉంటుంది. కనీసం 45 రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు.