పచ్చడి ప్యాకెట్ నుంచి ఇన్సులిన్ పెన్ను దాకా: విదేశీ ప్రయాణంపై మీ సందేహాలు

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి పురిటికి వెళ్తున్నాం. ఆవకాయ, రొయ్యల పచ్చడి, నాటుకోడి పచ్చడి, ఎండుకొబ్బరి, కరివేపాకు, అల్లుడికి ఇష్టమని పది కిలోల మొలగొలుకుల బియ్యం కట్టుకున్నాం. ఏవైనా తీసేయాలా? (ఒక తల్లి, కావలి)

జవాబు: నాలుగు తీసేయాలమ్మా. నాటుకోడి పచ్చడి వద్దు. మాంసం ఏ రూపంలో ఉన్నా మన దేశం నుంచి అక్కడికి రానివ్వరు. కరివేపాకూ వద్దు. దాని మీద చేరే చిన్న పురుగు నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ తెగులు అంటిస్తుంది. ఆ తెగులంటే ఎంత భయమో మన పొదలకూరు నిమ్మరైతులకు వేరే చెప్పక్కర్లేదు. బియ్యం, శనగలు, నిల్వ ధాన్యాన్ని తినేసే ఖాప్రా పురుగు మూలంగా, అక్కడ 2021 నుంచి ప్రయాణికుల సామానులో నిషేధం. ఎండుకొబ్బరిని ఇక్కడే ఆపేస్తారు. నూనె ఎక్కువ కాబట్టి తనంతట తానే వేడెక్కి అంటుకోవచ్చని 2022లో చెక్-ఇన్ లగేజీలో నిషేధించారు.

ఆవకాయ, రొయ్యల పచ్చడి పట్టుకెళ్లండి, కానీ పెద్ద పెట్టెలోనే. చేతిసంచిలో పెడితే 100 మిల్లీలీటర్ల నిబంధన కింద సెక్యూరిటీ దగ్గరే తీసేస్తారు. సీసాలు వద్దు. విమానం పైకెళ్లాక పీడనం తగ్గి, సీసాలో మిగిలిన గాలి ఉబ్బి, నూనెను మూత సందులోంచి బయటికి నెడుతుంది. అరకిలో చొప్పున మందపాటి కవర్లలో వేసి, గాలంతా నొక్కేసి సీలు వేయించండి. దాన్ని ఇంకో కవర్లో పెట్టి మళ్లీ సీలు. తువ్వాలు చుట్టి పెట్టె నడిమధ్యలో సర్దండి.

అక్కడ దిగాక తినే వస్తువులు ఉన్నాయా అని అడిగితే "ఉన్నాయి" అనే చెప్పండి. చెబితే, పనికిరాదన్న వస్తువొక్కటే పోతుంది. లేవని చెప్పి దొరికితే వందల డాలర్ల జరిమానా.

మీరు అడక్కపోయినా ఇంకో మాట: వీసా పదేళ్లున్నా, అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో ఐ-94లో (అక్కడ దిగినప్పుడు అధికారులు నమోదు చేసే ప్రవేశ రికార్డు) ఉన్న తేదీయే చెబుతుంది. దిగిన రోజే అది చూసుకోండి.

ప్రశ్న: మా ఆయనకు ఇన్సులిన్ ఉంది. ఎక్కడ పెట్టాలి? (నెల్లూరు)

జవాబు: చేతిసంచిలోనే. కింద సామాను గదిలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా సరిగా పనిచేయదు. డాక్టరు చీటీలో కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు కూడా రాయించండి. మందుల పెట్టెల మీది లేబుళ్లు చించకండి. టైము మారుతుంది కనుక డోసు ఏ వేళకు వేసుకోవాలో బయల్దేరకముందే డాక్టర్ని అడగండి. పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోనే. 20,000 ఎంఏహెచ్ దాకా ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: దుబాయ్ వెళ్లే తమ్ముడికి మసాలా పొడి ఇవ్వొచ్చా? (సింగరాయకొండ)

జవాబు: అందులో గసగసాలు ఉంటే ఒక్క చెంచా కూడా వద్దు. అక్కడ గసగసాలు మాదకద్రవ్యాల కిందికి వస్తాయి, పొడిలో కలిపినా అంతే. గసగసాలు లేకుండా కొత్తగా కొట్టివ్వండి. పాత పొడి ఉన్న డబ్బా వాడకండి.

ప్రశ్న: టికెట్లో 15వ తేదీ, తెల్లవారుజామున 2.30, చెన్నై అని ఉంది. ఒంగోలు నుంచి ఎప్పుడు బయల్దేరాలి? (ఒంగోలు)

జవాబు: 14వ తేదీ పగలే. 15 రాత్రి అనుకుని ఒకరోజు ఆలస్యంగా వెళ్లేవాళ్లు చాలామంది. రాత్రి పదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. చాలా విమానాలకు కౌంటరు గంట ముందే మూసేస్తారు. రైల్లో వెళ్తే సెంట్రల్ నుంచి ఎయిర్‌పోర్టుకు మెట్రో ఉంది, కానీ అర్ధరాత్రి నడవదు. కారులో అయితే రెడ్‌హిల్స్ దగ్గర ట్రాఫిక్‌కు ఒక గంట అదనంగా వేసుకోండి.