కవలలే అయినా ఇద్దరికీ పోలికే లేదెందుకు?

మీ కవలల్లో ఒకరిది తెల్లటి ఛాయ, రింగుల జుట్టు, రెండో బిడ్డ నలుపు, జుట్టు సాఫీ, ఆసుపత్రిలో గానీ మారిపోయారా అని అడిగారు. రంగు తేడా ఒక్కటే చూసి ఆ అనుమానం పెట్టుకోకండి. రెండు అండాలు, రెండు వీర్యకణాల నుంచి వచ్చిన కవలలు జన్యువుల లెక్కలో మామూలు తోబుట్టువులే. సగటున సగం పోలిక, అంతే. ఒకే కాన్పు కావడం వల్ల కొత్తగా కలిసొచ్చేదేమీ లేదు.

అమ్మ నుంచి 23, నాన్న నుంచి 23 క్రోమోజోములు వస్తాయి. ఒక్కొక్కరి దగ్గరా ఉండేవి 23 జతలు, ఒక్కో జతలో ఏది బిడ్డకి అందుతుందన్నది బొమ్మా బొరుసే. ఈ లెక్కనే ఒక్కరి వైపు నుంచి 83,88,608 రకాల కలయికలు సాధ్యం. జతలోని రెండూ మధ్యలో ముక్కలు మార్చుకుంటాయి కూడా.

చర్మపు రంగును చాలా జన్యువులు కలిసి తేలుస్తాయి. తేలిగ్గా మూడే అనుకుందాం. తల్లిదండ్రులిద్దరూ చామనఛాయ, మూడింటిలోనూ ఇద్దరి దగ్గరా ముదురు రకం ఒకటి, లేత రకం ఒకటి ఉన్నాయనుకోండి. ప్రతి 64 అవకాశాల్లో 20 సరిగ్గా మధ్య రంగుకి, ఒకటి పూర్తి ముదురుకి, ఒకటి పూర్తి లేతకి. అంటే కవలలు చెరో కొసకీ పడొచ్చు. తల్లిదండ్రులిద్దరూ ఒకే కొసన ఉంటే పంచడానికి రెండో రకమే ఉండదు, పిల్లల్లో తేడా తక్కువ. జుట్టు మెలిక చాలావరకు వేరే జన్యువుల పని, అది రంగు వెంట నడవదు.

మాయలు (కడుపులో బిడ్డకి ఆహారం అందించే ప్లాసెంటాలు) రెండున్నాయి కాబట్టి అండాలూ రెండేనని చాలామంది తేల్చేస్తారు. అది తప్పు. ఒకే అండం కవలల్లోనూ దాదాపు మూడో వంతు మందికి రెండు మాయలుంటాయి. రెండు మాయలు అతుక్కుని ఒకటిగా కనబడటమూ ఉంది. పుట్టిన రోజు రంగునీ నమ్మకండి. మాయ పంచుకున్న కవలల్లో రక్తం ఒకరి నుంచి ఒకరికి పారితే ఒకరు పాలిపోయి, ఇంకొకరు ఎర్రగా పుడతారు. అసలు ఛాయ తేలడానికి నెలలు పడుతుంది.

తేల్చుకోవాలంటే డీఎన్‌ఏ పరీక్షే. రక్తం కంటే చెంప లోపలి స్వాబ్ మేలు, ఎందుకంటే కొందరు కవలల్లో కడుపులో ఉండగానే ఒకరి రక్త మూలకణాలు ఇంకొకరిలో చేరి స్థిరపడతాయి, ఫలితం గందరగోళమవుతుంది. పాలు తాగాక కనీసం అరగంట ఆగి తీయండి. ఇద్దరి స్వాబ్‌లూ కలవకుండా కవర్ల మీద పేర్లు ముందే రాయండి. ఇంకో మాట: కవలల పరీక్ష ఇద్దరూ ఒకే అండమా కాదా అనే చెబుతుంది. బిడ్డ మారిందా అన్న సందేహం తీరాలంటే తల్లిదండ్రుల నమూనాలు కూడా ఇవ్వాలి.