నేవీ బ్లూ సూటు కిందికి ఏ బూట్లు?

అనంతపురం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

రిసెప్షన్‌కి నేవీ బ్లూ సూటు తీసుకున్నావనీ, బూట్ల దగ్గర ఆగిపోయావనీ మీ అమ్మ చెప్పింది. షాపువాడు లేత టాన్, అంటే లేత గోధుమరంగు జత అంటగట్టాలని చూస్తున్నాడట. కొనొద్దు. టాన్ చెడ్డ రంగని కాదు. పగటిపూట లేత గ్రే సూటు కిందైతే భలేగా ఉంటుంది. రాత్రి స్టేజీ మీద ఫోకస్ లైట్లు పడ్డాయంటే మాత్రం ముదురు నీలం ప్యాంటు కింద ఆ రెండు పాదాలే కనిపిస్తాయి. వచ్చినవాళ్లు మీ ఇద్దరి మొహాలు చూడాలి గానీ నీ కాళ్లు చూసి పోతే ఎట్లా?

ఇన్నేళ్లు కోట్లు కుట్టినవాణ్ణి, నేను మొదట చూసేది ఇదే: బూటు సూటు కంటే మరీ లేతగా ఉందా? ఉంటే పక్కన పెట్టేస్తాను. నీ నేవీకి చాక్లెట్ బ్రౌన్ తీసుకో. నల్లవి వేసినా తప్పు కాదు, కాకపోతే అవి ఆఫీసు వాసన కొడతాయి. పైగా నల్ల జత నీ దగ్గర ఎలాగూ ఉంది. ఈ బ్రౌన్ రేపు గ్రే సూటు కుట్టించుకున్నా పనికొస్తుంది. ఇంకొంచెం ధైర్యం ఉంటే ముదురు మెరూన్ ఉంది, షాపుల్లో చెర్రీ అంటారు. నేవీకీ, బొగ్గు రంగు గ్రేకీ రెండింటికీ కుదురుతుంది. నాకైతే అదే ఇష్టం. మీ నాన్నకు నచ్చదు, ముందే చెబుతున్నా.

నల్ల సూటుకి నల్ల బూట్లే, అక్కడ వాదన లేదు. బ్రౌన్ సూటుకి దానికంటే ముదురు బ్రౌన్. సూటు కింద బ్రౌన్ ఏంటని పెళ్లిలో ఏ పెద్దమనిషైనా అంటే నవ్వి ఊరుకో. ఒకప్పుడు లండన్ వ్యాపారుల్లో ఆ పట్టింపు ఉండేది, బ్రౌన్ బూట్లు పల్లెకు, నల్లవి పట్నానికి అని. అక్కడే అది సడలిపోయింది, మనకెందుకు?

షాపులో ట్యూబ్‌లైటు కింద రంగు నమ్మొద్దు. ముదురు నీలం నల్లగా కనిపిస్తుంది, బ్రౌన్ అసలు ఛాయ తెలియదు. కోటు చేతపట్టుకుని పో, బూటు దాని పక్కన పెట్టి వాకిట్లో ఎండవెలుగులో చూడు. సాయంత్రం పూట, వెలుతురు పోకముందే వెళ్లు, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి సైజు సరిగ్గా తెలుస్తుంది. లేసులు కట్టే రెక్కలు ముందు తోలు కిందికి పోయి మూసుకుని ఉంటే ఆక్స్‌ఫర్డ్, పైన విడిగా తెరుచుకుంటే డెర్బీ. సూటుకి ఆక్స్‌ఫర్డ్ హుందాగా ఉంటుంది. అయితే నీ పాదం వెడల్పు, మీ తాత పాదమే. ఆక్స్‌ఫర్డ్ నొక్కుతుంటే డెర్బీ తీసుకో. గంటలకొద్దీ నిలబడి ఫోటోలు దిగాల్సింది నువ్వే.

బెల్టు బూట్ల రంగులోనే ఉండాలి, అచ్చం అదే కాకపోయినా దగ్గరగా. బకిల్, వాచీ రెండూ ఒకే రంగుండాలి, వెండి రంగైతే వెండి, బంగారు రంగైతే బంగారు. సాక్స్ మాత్రం ప్యాంటు రంగుకి కలవాలి, పిక్క సగం దాకా రావాలి. మన పెళ్లిళ్లలో ఎప్పుడు ఎక్కడ బూట్లు విప్పమంటారో తెలియదు కాబట్టి బొటనవేలి దగ్గర చిరుగు ఉందేమో చూసుకో. విప్పిన జత ఎక్కడ పెట్టావో మీ మరదళ్లకు తెలియనివ్వకు.

మన ఎర్రమట్టి దుమ్ము మీదే పాలిష్ రుద్దితే తోలు గీతలు పడుతుంది. ముందు బ్రష్‌తో దులిపి, పొడిగుడ్డతో తుడువు. రంగు వెలిసిన చోట అదే రంగు క్రీము, మెరుపు కోసం పైన కొంచెం వాక్స్ చాలు. చెమటకు తడిస్తే ఎండలో పెట్టొద్దు, తోలు పగులుతుంది. లోపల కాగితం కుక్కి నీడలో ఆరబెట్టు. వేసిన జతను మరుసటి రోజు మళ్లీ వేయకుండా వదిలెయ్.

అడుగున తోలు సోలు ఉన్న జతైతే, రిసెప్షన్‌కి ముందే మేడమీద సిమెంటు నేల మీద కాసేపు తిరుగు. కొత్త తోలు ఫంక్షన్ హాలు నున్నటి గచ్చు మీద జారుతుంది.

ఇట్లు,
మీ మామ